కొండవాలు కాపాడుకోవడానికి గ్రాంటు ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: మాది గిరిజన గ్రామం. వానలకి కొండవాలు మట్టి కొట్టుకుపోతోంది. రాతికట్టలు వేసి చెట్లు పెంచాలని సంఘం నిర్ణయం. ప్రపోజల్ రాసేవాళ్లు లేరు, అదే టెన్షన్.

జవాబు: జీఈఎఫ్ (పర్యావరణ పనులకి డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి) స్మాల్ గ్రాంట్స్ ప్రోగ్రామ్ చూడండి. 1992లో మొదలైంది, ముఖ్యంగా నడిపేది యూఎన్‌డీపీ (ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం). డబ్బు నేరుగా స్థానిక సంఘాలకే ఇస్తారు. రాయలేనివాళ్లు వీడియోగా కూడా ప్రపోజల్ ఇచ్చిన దేశాలున్నాయి.

ఇంకో జవాబు: ముందు ఆ భూమి మీద హక్కు ఎవరిదో తేల్చుకోండి, చాలా అప్లికేషన్లు అక్కడే ఆగుతాయి. బడ్జెట్‌లో మొక్కల సంరక్షణకీ డబ్బు అడగండి. నాటిన రోజు ఫొటోకి అందరూ వస్తారు లెండి! సంఘం పెట్టాల్సిన వాటాగా డబ్బుకి బదులు మీ శ్రమ చూపించవచ్చు.

ప్రశ్న అడిగినవారు: శ్రమకి లెక్కెలా అండీ?

జవాబు: స్థానిక కూలి రేటుతో. హాజరు పుస్తకం ఇప్పుడే మొదలుపెట్టండి.