మెమోరియల్ డేని మళ్ళీ మే 30కే మార్చాలా?

వేకువ (శనివారం):
నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి బయలుదేరుతూ అందరికీ "హ్యాపీ మెమోరియల్ డే" చెప్పాను. మా టీమ్‌లో ఒకావిడ ముఖం తిప్పుకుని వెళ్ళిపోయారు. ఆవిడ తమ్ముడు ఇరాక్ యుద్ధంలో పోయాడని, ఈ రోజు అలా యుద్ధాల్లో చనిపోయిన సైనికులని తలుచుకోవడానికేనని పక్కవాళ్ళు చెప్పారు. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. పదకొండేళ్ళుగా అమెరికాలో ఉంటున్నాను. ఈ రోజంటే లాంగ్ వీకెండ్, బార్బెక్యూ, పరుపుల మీద డిస్కౌంట్ అనే అనుకున్నాను. ఎవరూ చెప్పలేదని అనలేను, నేనే తెలుసుకోలేదు.

రాత్రంతా చదువుతూ కూర్చున్నాను. అమెరికా అంతర్యుద్ధం ముగిసిన మూడేళ్ళకి, 1868లో, యూనియన్ (ఉత్తరాది రాష్ట్రాల పక్షం) మాజీ సైనికుల సంఘం తరఫున జనరల్ జాన్ లోగన్ మే 30న సైనికుల సమాధులకు పూలు పెట్టమని పిలుపు ఇచ్చాడు. అందుకే మొదట్లో దీన్ని డెకరేషన్ డే అనేవాళ్ళు. వందేళ్ళ తర్వాత కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చట్టం చేసి దీన్ని మే చివరి సోమవారానికి జరిపింది. 1971 నుంచి అది అమల్లోకి వచ్చింది. కారణం మూడు రోజుల సెలవు కలిసి రావడమే. రెండో ప్రపంచ యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్న సెనేటర్ డేనియల్ ఇనౌయే దీన్ని ఒప్పుకోలేదు. మే 30కే మార్చాలని 1980ల చివరి నుంచి 2012లో చనిపోయేదాకా మళ్ళీ మళ్ళీ బిల్లు పెట్టారు. ఒక్కసారీ పాస్ కాలేదు. నాకు ఆయన చెప్పిందే సరైనదనిపిస్తోంది. తేదీ పోయింది, దాంతోపాటే అర్థమూ పోయింది. మీరేమంటారు?

బాటసారి:
వేకువ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ తప్పంతా సోమవారం మీదకి నెట్టడం న్యాయం కాదు. ఇండియానాపొలిస్ 500 కారు రేసు మొదటిసారి జరిగింది 1911 మే 30న. అంటే సరిగ్గా ఆ రోజే, తేదీ మారడానికి అరవై ఏళ్ళ ముందే. అంతర్యుద్ధంలో పోరాడినవాళ్ళు కొందరు అప్పటికింకా బతికే ఉన్నారు. రేసు చూడ్డానికి వెళ్ళాలనుకున్నవాళ్ళని మే 30 ఆపలేదు.

ఇంకో మాట. కొడుకు సమాధి రెండు రాష్ట్రాల అవతల ఉన్న తల్లిదండ్రుల సంగతి ఆలోచించండి. మే 30 ఏ బుధవారమో పడి, ఆ ఒక్కరోజే సెలవిస్తే వాళ్ళు ఎలా వెళ్ళి వస్తారు? సోమవారం సెలవు ఉంటేనే వాళ్ళకి కుదురుతుంది.

చరిత్ర ప్రియుడు:
అసలు మే 30 దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారు? ఈ ఆచారం లోగన్ ఉత్తర్వు కంటే ముందే ఉంది. దక్షిణ కెరొలైనాలోని చార్ల్స్‌టన్‌లో గుర్రప్పందేల మైదానాన్ని కాన్ఫెడరేట్లు (దక్షిణాది పక్షంవాళ్ళు) యుద్ధఖైదీల జైలుగా మార్చారు. అక్కడ చనిపోయిన యూనియన్ సైనికులని ఒకే గుంటలో పూడ్చేశారు. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డ నల్లజాతివాళ్ళు ఆ 257 మందినీ తవ్వి తీసి, ఒక్కొక్కరికీ విడిగా సమాధి కట్టారు. చుట్టూ కంచె వేశారు. 1865 మే 1న దాదాపు పదివేల మంది ఊరేగింపుగా వచ్చారు. ముందు గులాబీలు పట్టుకుని దాదాపు మూడువేల మంది బడిపిల్లలు నడిచారు.

ఈ సంగతి చాలాకాలం మరుగునపడి ఉంది. చరిత్రకారుడు డేవిడ్ బ్లైట్ పాత కాగితాల్లోంచి వెలికి తీశారు. 1966లో ప్రభుత్వం మాత్రం న్యూయార్క్ రాష్ట్రంలోని వాటర్లూ ఊరిని ఈ రోజు పుట్టిన చోటుగా ప్రకటించింది. మిసిసిపీలోని కొలంబస్‌లో ఆడవాళ్ళు 1866 ఏప్రిల్‌లో రెండు పక్షాల సైనికుల సమాధులకూ పూలు పెట్టారు. అది గొప్ప మనసే, కాదనను. కానీ నాకు చార్ల్స్‌టన్ వాళ్ళే ఎక్కువ దగ్గరగా అనిపిస్తారు. ఆ సైనికులు ఎందుకోసం ప్రాణం ఇచ్చారో వాళ్ళకి తెలుసు, వాళ్ళ స్వేచ్ఛ కోసమే. అందుకే ఈ రోజు అర్థం చనిపోయినవాళ్ళని తలుచుకోవడంతో అయిపోదని నేను అంటాను. దేనికోసం పంపాం, పంపడం సరైనదేనా అని కూడా అడగాలి.

సెలయేరు:
చరిత్ర ప్రియుడు గారూ, ఆ ప్రశ్న తప్పక అడగాలి. సంవత్సరంలో మిగతా అన్ని రోజులూ అడగండి. ఈ ఒక్కరోజు వద్దని నా మనవి. మా ఆయన ఆర్మీలో పనిచేశారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఆ యుద్ధం తప్పా ఒప్పా అనే వాదన మొదలైతే, పోయిన మనిషి పక్కకి వెళ్ళిపోతాడు, వాదన మిగులుతుంది. సమాధి ముందు నిలబడిన అమ్మకి ఆ వాదన అక్కర్లేదు.

ఇంకొకటి కూడా అందరూ పొరబడుతుంటారు. ఈ రోజు మా ఆయనకి ఎవరైనా థాంక్స్ చెబితే ఆయన ఇబ్బంది పడిపోతారు. "నేను తిరిగొచ్చాను, ఈ రోజు నాది కాదు" అంటారు. బతికున్నవాళ్ళకి నవంబర్ 11న వెటరన్స్ డే ఉంది. ఇది రానివాళ్ళది.

వాషింగ్టన్ పక్కనున్న ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఈ సెలవుకి ముందు సైనికులు రెండున్నర లక్షలకి పైగా సమాధుల దగ్గర చిన్న జెండాలు గుచ్చుతారు. ఒక్కో రాయికీ బూటు పొడవంత దూరం కొలిచి మరీ. మేము వెళ్ళినప్పుడు మా ఆయన అరవయ్యో సెక్షన్‌లో చాలాసేపు కూర్చుండిపోయారు. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో పోయిన చాలామంది అక్కడే ఉన్నారు. రాళ్ళ మీద పుట్టిన సంవత్సరాలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది, అంతా మా చిన్న మరిది వయసువాళ్ళే.

వేకువ గారూ, తేదీ సంగతి కాంగ్రెస్ చూసుకుంటుంది. సోమవారం మధ్యాహ్నం మూడింటికి ఒక్క నిమిషం మౌనంగా ఉండమని 2000లోనే చట్టం వచ్చింది. బార్బెక్యూ మానక్కర్లేదు, ఆ నిమిషం మానకండి. మీ కొలీగ్‌ని క్షమాపణ అడిగి ఊరుకోకండి. వాళ్ళ తమ్ముడి పేరేమిటో అడగండి.

వేకువ (మంగళవారం రాత్రి):
బాటసారి గారూ, రేసు సంగతికి నా దగ్గర జవాబు లేదు. అయినా మే 30కే నా ఓటు.

ఇవాళ లంచ్‌లో ఆవిడని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పేరు చెప్పారు, ఫోన్‌లో ఫోటో చూపించారు. గిటార్ నేర్చుకుంటూ ఇల్లంతా గోల చేసేవాడట. ఇరవై నిమిషాలు చెబుతూనే ఉన్నారు. మీటింగ్ టైమ్ అయిందని నేను గుర్తు చేయలేదు.