అప్‌డేట్: 1436 కాదు, 1448 చేయించాను

కృష్ణలో కొరమీను వేటకి అల్యూమినియం బోటు చేయిద్దామనుకుంటున్నా, అమెరికాలో బాస్ చేపలకి వాడే జాన్ బోట్ (చదును అడుగు పడవ) కొలతల్లో 1436 మంచిదా 1448 మంచిదా అని అడిగాను కదా. రెండూ 14 అడుగుల పొడవే, తేడా అంతా అడుగు వెడల్పులో, ఒకటి 36 అంగుళాలు, ఇంకోటి 48. చివరికి 48దే తీసుకున్నా.

మా బావ వంద కిలోల మనిషి, పైగా నిలబడి ఫ్రాగ్ (కప్ప ఆకారపు ఎర) విసిరితే తప్ప ఆయనకి తృప్తి ఉండదు. తెలిసినవాళ్ల 36 బోటులో ఇద్దరం ఒకే పక్కకి జరిగితే అది వంగిన తీరు చూశాక ఇక ఆలోచించలేదు. 48లో ఆ టెన్షన్ లేదు. వెడల్పు ఎక్కువ కాబట్టి అదే బరువుకి నీళ్లలో తక్కువ దిగుతుంది, గుర్రపుడెక్క పక్కన లోతు లేనిచోటికి కూడా పోతోంది.

బరువు మాత్రం బరువే, ట్రైలర్ తప్పలేదు. బ్యారేజీ ఎగువన గాలి లేస్తే చదును అడుగు అలల మీద దబదబా కొట్టుకుంటుంది, నడుము సంగతి అడగొద్దు. అయితే 36 అయినా అంతే, అదీ చదునే కదా.

ఆటోనగర్‌లో చేయించేవాళ్లు 5052 గానీ 5083 గానీ (నీళ్లలో తుప్పుకి తట్టుకునే అల్యూమినియం రకాలు) షీటే అడగండి. మోటారు బిగించే వెనక పలక ఎత్తు మాత్రం మోటారు ఏదో తేలాకే చెప్పండి, షార్ట్ షాఫ్ట్ (కాడ పొట్టిగా ఉండే మోటారు)‌కి 15 అంగుళాలు, లాంగ్‌కి 20.

ఎండకి రేకు కాలిపోతోంది, ముందు మ్యాట్ వేయించాలి.