64 ఫొటోల్లోంచి 20 ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: నాలుగేళ్లుగా పనివాళ్ల చేతులు ఫొటోలు తీస్తున్నాను. వడపోస్తే 64 మిగిలాయి, పోర్ట్‌ఫోలియోకి 20 చాలన్నారు. మూడు రోజులు తెల్లవారుజామునే వెళ్లి తీసిన కుమ్మరి ఫొటోలో ఫోకస్ కాస్త తప్పింది. తీసేయడానికి మనసు రావట్లేదు. ఒకటే టెన్షన్.

జవాబు 1: ఆ మూడు రోజుల కష్టం మీకు తెలుసు, చూసేవాళ్లకి తెలియదు కదండీ. తీసేయండి. నేనైతే అన్నీ చిన్న ప్రింట్లు వేయించి నేల మీద పరుస్తాను. ఒకే విషయం చెప్పే రెండు ఫొటోలు పక్కపక్కన పడితే ఏది బలహీనమో వెంటనే తెలుస్తుంది. స్క్రీన్ మీద ఒక్కొక్కటే చూస్తుంటే అది దొరకదు. రాబర్ట్ ఫ్రాంక్ అనే ఫొటోగ్రాఫర్ అమెరికా అంతా తిరిగి 20 వేలకు పైగా ఫ్రేములు తీశాడు, 'ది అమెరికన్స్' అనే తన ఫొటోల పుస్తకంలో ఉంచినవి 83.

జవాబు 2: మొదటిదీ చివరిదీ ముందే ఖాయం చేసుకోండి. మిగతా వరుస తేలికవుతుంది.

ప్రశ్న అడిగినవారు: రాత్రి పరిచి చూశాను. మగ్గం మీద చేతులే 11 ఉన్నాయి! ఇన్నాళ్లూ గమనించనే లేదు. రెండే ఉంచాను. కుమ్మరి ఫొటో కూడా తీసేశాను, బాధగానే ఉంది. మిగతావీ ఇలాగే తగ్గిస్తే ఇప్పుడు 23కి వచ్చాయి.