పాత అమెరికాలో మామూలు రోజు ఎలా ఉండేది? మీరు దేన్ని మిస్ అవుతున్నారు?

మిషిగన్_అమ్మాయి అడిగారు:

మా నాన్నగారు 1972లో డెట్రాయిట్ వచ్చారు, రిటైరయ్యేదాకా కార్ల కంపెనీలో ఇంజనీరుగా పనిచేశారు. ఇప్పుడు ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చేస్తున్నారు కాబట్టి వీకెండ్లలో అందరం కూర్చుని బేస్‌మెంట్ ఖాళీ చేస్తున్నాం. సియర్స్ అనే పెద్ద స్టోర్ వాళ్ల క్రిస్మస్ కేటలాగులు, ట్రిపుల్ ఏ (కార్లున్నవాళ్ల క్లబ్) ఆఫీసులో ఇచ్చిన ట్రిప్‌టిక్ మ్యాపులు, సరుకులు కొంటే ఇచ్చే గ్రీన్ స్టాంపులు సగం దాకా అంటించి వదిలేసిన పుస్తకాలు, మీద ఏమీ రాయని వీడియో క్యాసెట్లు, పెట్టెలకు పెట్టెలు ఉన్నాయి. పారేద్దామంటే ఒప్పుకోరు. ఒక్కోటీ చేతిలోకి తీసుకోవడం, దాని గురించి చెప్పడం మొదలుపెట్టడం, పని అక్కడే ఆగిపోవడం.

నేను 1989లో పుట్టాను, ఆయన చెప్పే అమెరికాలో సగం నేను చూడలేదు. అప్పుడు దేశమే బాగుండేది అంటారు నాన్న. అదంతా వయసు ప్రభావం నాన్నా అంటాడు మా తమ్ముడు. నాకు ఇద్దరి మాటా పూర్తిగా నిజం కాదనిపిస్తోంది. 70లు, 80లు, 90లలో అక్కడ ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. ఎన్నికలు, యుద్ధాలు వద్దు. ఆఫీసు నుంచి వచ్చి అన్నం వండుకుని పడుకునే మామూలు రోజు ఎలా ఉండేది? వీటిలో ఏవి దాచాలి, ఏవి వదిలేయొచ్చు అన్నది కూడా తెలిస్తే చెప్పండి.

ఒహాయో_పాతకాపు:

నేను 1985లో ఎం.ఎస్. చేయడానికి ఒహాయో వచ్చాను. నేను బాగా మిస్ అయ్యేది ఫోన్ బుక్. కొత్త ఊళ్లో దిగగానే మోటెల్ గదిలో ఉన్న ఆ లావుపాటి పుస్తకం తీసి రావు, రెడ్డి, శర్మ, నాయుడు అన్న పేర్లు వెతికి ఫోన్ చేసేవాళ్లం. అవతల ఎవరో తెలియదు. "మాదీ గుంటూరు వైపేనండీ" అనగానే "ఎక్కడున్నారు, వచ్చి తీసుకెళ్తా" అనేవాళ్లు, ఆ సాయంత్రానికి వాళ్లింట్లో పప్పు, ఆవకాయ తింటూ కూర్చునేవాళ్లం. ఇవాళ ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్ చేసి మీ ఊరివాణ్ణండీ అంటే నేనే ఎత్తను.

ఇంటికి ఫోన్ అంటే పెద్ద టెన్షన్. 1984 జనవరి 1న ఏటీ అండ్ టీ అనే పెద్ద ఫోన్ కంపెనీ విడిపోయాక ఎంసీఐ, స్ప్రింట్ వాళ్లు పోటీపడి దేశం లోపల దూరపు ఊళ్ల కాల్స్‌కి రేట్లు తగ్గించారు, రాత్రి 11 దాటితే ఇంకా చవక. కానీ ఇండియాకి మాత్రం నిమిషానికి డాలరు పైనే పడేది. మా ఊళ్లో మాకు ఫోన్ లేదు, పక్క వీధిలో ఫోన్ ఉన్నవాళ్లదే మా పీపీ నంబరు, వాళ్లు పిలిస్తే మావాళ్లు వెళ్లి మాట్లాడాలి. ముందు ఉత్తరం రాసి ఫలానా ఆదివారం ఫలానా టైముకి చేస్తానని చెప్పాలి. చెప్పాల్సినవన్నీ కాగితం మీద రాసుకుని కూర్చున్నా, అమ్మ గొంతు వినగానే అవన్నీ మర్చిపోయి "తిన్నావా" దగ్గరే నిమిషాలు అయిపోయేవి.

తిండి సంగతి మీ నాన్నగారు చెప్పే ఉంటారు. క్రీమ్ ఆఫ్ రైస్ అనే బియ్యపు రవ్వతో ఇడ్లీ, బిస్క్విక్ పిండితో గులాబ్ జామూన్, స్టోర్‌లో దొరికే బటర్‌మిల్క్ తోడేసి పెరుగు. కరివేపాకు ఎవరైనా ఇండియా నుంచి వస్తేనే.

అన్నిటికన్నా ఎయిర్‌పోర్ట్. 2001 సెప్టెంబరు ముందు టికెట్ లేనివాళ్లు కూడా సెక్యూరిటీ దాటి గేటు దాకా వెళ్లొచ్చు. న్యూయార్క్‌లో విమానం మారి వచ్చే కొత్త స్టూడెంట్ కోసం మేమంతా రెండు కార్లలో వెళ్లి సరిగ్గా విమానం తలుపు దగ్గరే నిలబడేవాళ్లం. బయటికి వచ్చిన కుర్రాడికి ముందు కనిపించేది మేమే. ఆ మొహం వెలిగిపోవడం చూశాను, ఇప్పుడు కర్బ్ దగ్గర కారాపి ట్రంక్ తెరిచే పద్ధతిలో అది లేదు.

మీ నాన్నగారి ట్రిప్‌టిక్‌లలో పిట్స్‌బర్గ్‌ది ఉందేమో చూడండి. పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి 1976లో కట్టారు. మిషిగన్, ఒహాయో తెలుగువాళ్లకు తిరుపతి అదే, పుట్టువెంట్రుకలు కూడా అక్కడే తీయించేవాళ్లు. అప్పుడు స్పీడ్ లిమిట్ 55 మైళ్లు, ఆయిల్ కష్టం వచ్చినప్పుడు 1974లో దేశమంతా పెట్టింది. డెట్రాయిట్ నుంచి దాదాపు 300 మైళ్లు, పొద్దున్నే పులిహోర కట్టుకుని బయల్దేరాలి. ట్రిపుల్ ఏ కౌంటర్‌లో ఉన్నావిడ మనం ఎక్కడికెళ్లాలో అడిగి, సన్నటి మ్యాపు పేజీలు వరసగా పేర్చి, వెళ్లాల్సిన దారి మీద రంగు పెన్నుతో గీత గీసి, రోడ్డు పని జరుగుతున్న చోట ముద్ర కొట్టి ఇచ్చేది. మనిషి మన కోసం కూర్చుని గీసిన మ్యాపు అది.

డెవాన్_పక్కన_పెరిగాను:

నేను షికాగో సబర్బ్‌లో 80లలో పెరిగాను, కాబట్టి నాది పిల్లల వైపు కథ. మంచు బాగా పడిన రోజు పొద్దున్నే వంటింట్లో రేడియో పెట్టుకుని ఏ ఏ స్కూళ్లకు సెలవో చదువుతుంటే మా స్కూలు పేరు ఎప్పుడొస్తుందా అని ఊపిరి బిగబట్టి వినేవాళ్లం. అక్షర క్రమంలో మాది చివర్లో వచ్చేది! శనివారం పొద్దున కార్టూన్లు, ఆ తర్వాత సైకిల్ తీస్తే వీధి దీపాలు వెలిగేదాకా ఇంటికి రానక్కర్లేదు. అమ్మకు మేమెక్కడున్నామో తెలిసేది కాదు, అయినా కంగారుపడేది కాదు. మా పిల్లలకు నేను ఆ స్వేచ్ఛ ఇవ్వలేకపోతున్నాను, అది నన్ను నిజంగా బాధపెడుతుంది.

శుక్రవారం రాత్రి వీడియో షాపు. అందరూ బ్లాక్‌బస్టర్ గురించే చెప్తారు, 1985లో డాలస్‌లో మొదలై, వేల షాపులై, ఇప్పుడు ఒరెగాన్‌లోని బెండ్ అనే ఊళ్లో ఒక్కటి మిగిలింది. నా మనసంతా మాత్రం డెవాన్ అవెన్యూలో ఇండియన్ సరుకుల కొట్లో అద్దెకిచ్చే తెలుగు క్యాసెట్ల మీదే. కాపీకి కాపీ, దానికి ఇంకో కాపీ. రంగులు కారిపోయి, పాట మధ్యలో తెరకు అడ్డంగా గీతలు పడేవి. కొత్త సినిమా కావాలంటే కొట్టు ఆయన నోట్‌బుక్‌లో పేరు రాయించుకోవాలి. కందిపప్పు, చింతపండుతో పాటు బ్రౌన్ పేపర్ సంచిలో రెండు సినిమాలు. మా అన్నయ్యకూ నాకూ తెలుగు వచ్చిందంటే ఆ టేపుల వల్లే.

జెర్సీ_పాత_వీధి:

పై ఇద్దరూ చెప్పింది నిజమే, చదువుతుంటే నాకూ కళ్లు చెమర్చాయి. కానీ ఈ థ్రెడ్‌లో రెండో వైపు కూడా ఉండాలి. మేము 1987లో జెర్సీ సిటీలో ఉన్నాం. డాట్‌బస్టర్స్ (డాట్ అంటే మన బొట్టు) అనే ముఠా ఇండియన్లను ఊళ్లోంచి వెళ్లగొడతామని పేపరుకు ఉత్తరం రాసిన సంవత్సరం అది. దాడులు జరిగాయి, మనవాళ్ల ప్రాణాలూ పోయాయి. మా అమ్మ బస్‌స్టాప్‌కి వెళ్లే ముందు బొట్టు తీసేసి, చీర మీద పొడవు కోటు వేసుకుని గుండీలన్నీ పెట్టుకునేది. ఎండాకాలంలో కూడా. అదీ మామూలు రోజే.

అప్పుడు అన్నీ చవక అంటారు, ఇంటి లోన్ వడ్డీ 1981లో 18 శాతం దాటింది. పెళ్లికాని ఆడవాళ్లకు, విధవలకు బ్యాంకులు సొంత పేరు మీద క్రెడిట్ ఇవ్వడానికి సవాలక్ష అడ్డంకులు పెట్టేవి, అది చట్టవిరుద్ధం అయింది 1974లో. వూల్‌వర్త్ స్టోర్లలో ఉండే లంచ్ కౌంటర్‌లో కాఫీ తాగిన తీపి గుర్తులు అందరూ చెప్పుకుంటారు. నార్త్ కరొలైనాలోని గ్రీన్స్‌బరోలో నల్ల కుర్రాళ్లు నలుగురు అదే కౌంటర్‌లో కూర్చున్నందుకు 1960 ఫిబ్రవరిలో కాఫీ పోయలేదు, వాళ్లు లేవకుండా కూర్చోబట్టే కదా తర్వాత వచ్చిన మనందరికీ స్టూలు దొరికింది. మనలాంటి ఆసియా వాళ్లకు తలుపులు తెరిచిన 1965 ఇమిగ్రేషన్ చట్టం కూడా ఆ పౌరహక్కుల ఉద్యమం వేడిలోనే వచ్చింది. మీ నాన్నగారు 1972లో దిగగలిగారంటే దాని వల్లే. ఆయన కథలు రికార్డ్ చేసేటప్పుడు దయచేసి ఇవి కూడా అడగండి, అడగకపోతే ఆయన తరం వాళ్లు తమంతట తాము చెప్పరు.

పాత_కాగితాల_పిచ్చి:

ఏది దాచాలి అన్నదానికి నా అనుభవం చెప్తాను. మొదట క్యాసెట్లు, ఇవాళే. టేపు ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది, ఇంట్లో మనుషుల గొంతులు ఉన్నవైతే మళ్లీ దొరకవు. చాలా లైబ్రరీల్లో డిజిటల్ చేసుకునే మెషీన్లు ఉంటాయి, కనుక్కోండి. సియర్స్ పెద్ద కేటలాగు 1993లో ఆపేశారు, క్రిస్మస్ విష్ బుక్‌లు చాలావరకు ఆన్‌లైన్‌లో స్కాన్ చేసి ఉన్నాయి, కాబట్టి పిల్లలు పెన్నుతో సున్నాలు చుట్టిన పేజీలుంటే అవి ఉంచి మిగతావి వదిలేయండి. గ్రీన్ స్టాంపులకు పెద్ద ధర రాదు, ఒక పుస్తకం చాలు. సరుకులు కొన్నప్పుడు, పెట్రోలు పోయించుకున్నప్పుడు ఇచ్చేవాళ్లు, పుస్తకాలు నింపి రిడెంప్షన్ సెంటర్‌కి పట్టుకెళ్తే టేబుల్ ల్యాంపో మిక్సింగ్ బౌలో వచ్చేది. ఆ స్టాంపులతో మీ ఇంట్లోకి ఏ వస్తువు వచ్చిందో నాన్నగారిని అడగండి, అది ఇంకా వంటింట్లో ఉంటే దాన్ని దాచండి. ట్రిప్‌టిక్‌లన్నీ ఉంచండి, ముఖ్యంగా మార్జిన్‌లో చేతిరాత ఉంటే.

మిషిగన్_అమ్మాయి:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇవన్నీ నాన్నకు చదివి వినిపించాను. పిట్స్‌బర్గ్ ట్రిప్‌టిక్ దొరికింది! మార్జిన్‌లో పెట్రోలు ఎక్కడ పోయించారో, ఎంతయిందో అమ్మ చేతిరాతలో ఉంది. అమ్మ పోయి కొన్నేళ్లయింది, మేమిద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

జెర్సీ గారూ, మీరు చెప్పినట్టే అడిగాను. మొదట ఏమీ లేదన్నారు, తర్వాత చెప్పారు. మొదటి ఇల్లు అద్దెకు చూడ్డానికి వెళ్తే ఫోన్‌లో ఖాళీగా ఉందన్న ఇల్లు మనిషిని చూడగానే నిండిపోయిందట. అలా చాలా చోట్ల. ఎదురింటి పోలిష్ ముసలాయన తన బంధువుతో మాట్లాడి ఇప్పించకపోతే ఆ చలికాలం ఎక్కడుండేవాళ్లమో అన్నారు. ఇన్నేళ్లలో ఈ సంగతి మాకెప్పుడూ చెప్పలేదు. ఫోన్‌లో రికార్డ్ చేశాను, వచ్చేవారం మిగతాది అడుగుతాను.

ఇప్పుడు క్యాసెట్లు. మా లైబ్రరీలో మెషీన్ రిపేర్‌లో ఉందట. ట్రాయ్, నోవై చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా పనిచేసే వీసీఆర్ ఉంటే మెసేజ్ చేయండి, వచ్చి తీసుకెళ్లి జాగ్రత్తగా తిరిగి ఇస్తాను.