అప్‌డేట్: పాత ఆట కొన్నవారికి రీమాస్టర్ ధర ఎంత ఉండాలి?

పాత వీడియో గేమ్ డిస్క్ ఉన్నవారు దాని రీమాస్టర్‌కు, అంటే అదే ఆటను మెరుగైన దృశ్యాలతో మళ్లీ విడుదల చేసిన రూపానికి, మళ్లీ పూర్తి ధర చెల్లించాలా అని ఇదివరకు అడిగాను. మీ జవాబులు చదివాక, కావలిలో మా తమ్ముడితో కూర్చుని పాత ఉదాహరణలు పోల్చి చూశాను. 2016లో బయోషాక్ రీమాస్టర్లు పీసీలో పాత ఆట ఉన్నవారికి ఉచితంగానే అందాయి. 2024లో హొరైజన్ జీరో డాన్ రీమాస్టర్‌కు పాత యజమానులు అమెరికా ధరలో 10 డాలర్లు చెల్లిస్తే సరిపోయింది. కథ, పాత్రలు పాతవే అయినప్పుడు, వెలుగునీడలకూ ముఖకవళికలకూ కొత్తగా చేసిన పనికి మాత్రమే వెల కట్టడం, అదెంత శ్రమతో కూడినదైనా, నాకు న్యాయంగా తోస్తోంది.

అయితే ఒక చిక్కు ఉంది: పాత డిస్క్‌ను కన్సోల్‌లో (ఆట ఆడే యంత్రంలో) పెడితేనే ఆ తగ్గింపు వర్తిస్తుంది కాబట్టి, డిస్క్ డ్రైవ్ లేని ప్లేస్టేషన్ 5 కొన్నవారి చేతిలో డిస్క్ ఉన్నా ఫలితం లేదు. అందుకే నెల్లూరులో డ్రైవ్ ఉన్న కన్సోలే కొంటున్నాను.