చూపు లేనివాళ్లు తాము అనుకున్న ఫొటో తామే తీయడానికి ఏ పద్ధతి బాగుంటుంది?

నమస్కారం అండీ. వికలాంగులైన తొమ్మిది మందితో ఒక ఫొటో బృందం నడుపుతున్నాం. తమ రోజు ఎలా గడుస్తుందో వాళ్లే ఫొటో తీసి, వాళ్ల మాటల్లోనే చెబుతారు. 1990లలో చైనాలోని యున్నాన్‌లో పల్లె మహిళలకు కెమెరాలిచ్చి కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బర్రిస్ రూపొందించిన ఫొటోవాయిస్ పద్ధతే మాకు ఆధారం.

మొదటి వారమే ఒకావిడ ర్యాంపుకు అడ్డంగా పెట్టిన బైకు ఫొటో తెచ్చారు. ఆ ఒక్క ఫొటో మీదే గంటసేపు మాట్లాడుకున్నాం. అందుకే ఈ పని ఆగకూడదని నాకు గట్టిగా ఉంది.

ఇద్దరికి అసలు చూపు లేదు. ఐఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే వాయిస్‌ఓవర్, ఫ్రేములో ఎన్ని ముఖాలున్నాయో చెబుతోంది. కానీ వాళ్లు తీయాలనుకునేది ముఖాలు కాదు, కాలికి తగిలే గుంతలు, మెట్ల అంచులు. పక్కన నిలబడి మేం ఫోన్ సరిచేస్తే అది మా ఫొటో అయిపోతుంది కదా! చేతులు వణికే ఒకరికి మాత్రం స్టాండు, బ్లూటూత్ రిమోట్‌తో పని జరుగుతోంది.

ఇంకొకటి, అసలు టెన్షన్ ఇదే. బుద్ధిమాంద్యం ఉన్న ఒక అబ్బాయి ఏది అడిగినా సరే అంటాడు. తన ఫొటోలు పదిమందికీ చూపించడం నిజంగా ఇష్టమేనా, కాదా అన్నది ఎలా తెలుసుకోవాలి? ఎన్నిసార్లు, ఏ మాటల్లో అడగాలి? ఇలాంటి బృందాలతో పనిచేసినవాళ్లు, ముఖ్యంగా వికలాంగులే అయిన ఫొటోగ్రాఫర్లు, దయచేసి చెప్పండి.