నాన్నగారి పీఎస్ఏ మళ్ళీ పెరుగుతోంది: పెట్ స్కాన్ ఇప్పుడే తీయించాలా, ఆగాలా?

మారతహళ్ళి కొడుకు:
నమస్కారం. నాన్నగారికి 68 ఏళ్ళు. అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులో మా దగ్గరే ఉంటున్నారు. క్యాన్సర్ వల్ల ప్రొస్టేట్ గ్రంథిని తీసివేసి రెండేళ్ళు దాటింది. దాదాపు సున్నాలో ఉన్న పీఎస్ఏ (ప్రొస్టేట్ కణాలు రక్తంలోకి వదిలే ప్రోటీన్) ఈ ఏడాదిలో 0.09, 0.17, ఇప్పుడు 0.26 అయింది. ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలకు అతుక్కునే రేడియోధార్మిక మందు ఎక్కించి తీసే పీఎస్ఎంఏ పెట్ స్కాన్ ఇప్పుడు తీయిస్తే ఏమైనా కనిపిస్తుందా? ఆపరేషన్‌కు ముందు తీసిన ఎమ్మారై చూసి, వ్యాధి తిరగబెడుతుందని అప్పుడే చెప్పగలిగేవారా? ఆయనకు షుగరు ఉంది కాబట్టి స్కాన్ రోజున మాత్రలు ఆపాలా?

అడయార్ కోడలు:
మా మామగారికి 0.2 దగ్గరే స్కాన్ తీయించాము. ఎక్కడా ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. ఆ కాగితాన్ని దేవుడి దగ్గర పెట్టి, ఎనిమిది నెలలు రక్తపరీక్ష ఊసే ఎత్తలేదు. ఆ తర్వాత చూస్తే 1.1 ఉంది, కటి భాగంలో ఒక లింఫ్ గ్రంథిలో వ్యాధి దొరికింది. స్కాన్‌లో కనబడకపోవడం వేరు, ఒంట్లో లేకపోవడం వేరు అని ఆ రోజు మాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

జయనగర్ రావు:
అందుకే తొందర వద్దంటాను. పీఎస్ఏ పెరిగిన 635 మందిని పరీక్షించి 2019లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, 0.5 కంటే తక్కువ ఉన్నవారిలో 38 శాతం మందికే వ్యాధి ఉన్న చోటు కనిపించింది. 5 దాటినవారిలో 97 శాతం మందికి కనిపించింది. చోటు తెలియకుండా డబ్బు పోయడం కంటే 0.5 దాటేదాకా ఆగడం మేలు.

కోరమంగళ శ్రీనివాస్:
రావుగారూ, మీ అంకెలు సరైనవే, మీ సలహా మాత్రం ప్రమాదకరం. గ్రంథి తీసిన చోట ఇచ్చే రేడియేషన్ పీఎస్ఏ తక్కువగా ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది. స్కాన్‌లో ఏమీ కనబడలేదన్న కారణంతో ఆ చికిత్సను వాయిదా వేయకూడదని యూరోపియన్ యూరాలజీ సంఘం మార్గదర్శకాలే చెబుతున్నాయి. నేను 0.31 దగ్గర రేడియేషన్ తీసుకున్నాను. ఇప్పటికి నాలుగేళ్ళు, పీఎస్ఏ పెరగలేదు.

వేలచ్చేరి వెంకట్:
అసలు ఆ స్కాన్‌నే అంతగా నమ్మకండి. మా బాబాయిగారికి పీఎస్ఏ 0.4 ఉన్నప్పుడు ఫ్లోరిన్‌తో చేసే పీఎస్ఎంఏ-1007 స్కాన్ తీశారు. పక్కటెముకల మీద రెండు చుక్కలు కనిపించాయి. వ్యాధి ఎముకలకు పాకిందన్నారు, పిన్ని నెల రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఎమ్మారై తీస్తే అక్కడ ఏమీ లేదు. పక్కటెముక మీద చుక్క కనబడితే పక్కన పెట్టేయండి.

హొసూరు రోడ్డు:
వెంకట్ గారూ, పక్కన పెట్టేయమని ఎంత తేలికగా రాశారు! మా అన్నయ్యకు సరిగ్గా అలాగే పక్కన పెట్టారు. పక్కటెముకే కదా, మామూలేనన్నారు. ఏడాది తిరిగేసరికి పీఎస్ఏ 6 దాటింది, ఆ చుక్క నిజంగా క్యాన్సరేనని బయాప్సీలో తేలింది. మీ బాబాయిగారి అదృష్టాన్ని అందరికీ సూత్రంగా చెప్పకండి.

వేలచ్చేరి వెంకట్:
మా ఇంటి కష్టం చెప్పుకుంటే అదృష్టం అంటారేమిటి? ఆ నెల రోజులు మేము పడ్డది మీకు తెలియదు.

హొసూరు రోడ్డు:
మీరు పడ్డది నెల. మా వదిన ఇంకా పడుతూనే ఉంది.

న్యూక్లియర్ విభాగం, చెన్నై:
ఇద్దరూ కొంచెం శాంతించండి. ఇరవై రెండేళ్ళుగా నేను ఈ యంత్రాల పక్కనే నిలబడి పనిచేస్తున్నాను, కాబట్టి ఈ విషయంలో నా మాటకు విలువ ఇవ్వమని అడుగుతున్నాను. ఈ స్కాన్‌కు వాడే గాలియం-68 మందు మూత్రం ద్వారా బయటకు పోతుంది. దానివల్ల మూత్రాశయం దీపంలా వెలిగి, దాని పక్కనే ఉన్న చిన్న వ్యాధిని కప్పేస్తుంది. వెంకట్ గారు చెప్పిన 1007 మందు ఎక్కువగా కాలేయం గుండా పోతుంది కాబట్టి గ్రంథి తీసిన చోటు స్పష్టంగా కనబడుతుంది, కానీ ఎముకల్లో, అందులోనూ పక్కటెముకల్లో, అర్థం లేని చుక్కలు దానిలోనే ఎక్కువ. ఒంటరి చుక్కను పీఎస్ఏతోనూ, అది రెట్టింపు అవడానికి పట్టే కాలంతోనూ, సీటీలో ఆ ఎముక ఆకారంతోనూ కలిపి చదవాలి. వెంకట్ గారి ఇంట్లో అలా చదవకుండా భయపెట్టారు, అన్నయ్యగారి విషయంలో అలా చదవకుండా వదిలేశారు. రెండు చోట్లా జరిగిన తప్పు ఒకటే. మొదట అడిగిన ఆయనకు: ఈ స్కాన్‌కు ఉపవాసం అక్కర్లేదు, షుగరు మాత్రలు మామూలుగా వేసుకోవచ్చు. గ్లూకోజుతో చేసే పెట్ వేరు.

టీ.నగర్ పద్మ:
మా నాన్నగారికి రేడియేషన్ తర్వాత పీఎస్ఏ 0.9 ఉంది. పైన 0.2 అని చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

కోరమంగళ శ్రీనివాస్:
అమ్మా, కంగారుపడకండి. 0.2 దాటితే తిరగబెట్టినట్టన్న లెక్క గ్రంథి తీసివేసినవారికి. గ్రంథి తీయకుండా రేడియేషన్ మాత్రమే తీసుకున్నవారికి అది లోపలే ఉంటుంది కాబట్టి, అన్నిటికంటే కిందికి దిగిన అంకెకు 2 కలిపి, అది దాటితేనే తిరగబెట్టినట్టు లెక్క వేస్తారు.

వైట్‌ఫీల్డ్ ఇంజనీరు:
పాత ఎమ్మారై గురించి ఎవరూ మాట్లాడలేదు. వ్యాధి గ్రంథి పొరను దాటిందా, వీర్యకోశాల్లోకి పాకిందా అన్నది ఆ ఎమ్మారైలో చాలాసార్లు కనబడుతుంది, ఆ రెండూ ఉంటే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. గ్లీసన్ స్కోరు (సూక్ష్మదర్శినిలో కణాలను చూసి క్యాన్సర్ తీవ్రతకు ఇచ్చే అంకె), పీఎస్ఏలకు అది తోడైతే అంచనా బలపడుతుంది. చిత్రంలోని సూక్ష్మమైన అల్లికను కంప్యూటరుతో కొలిచి ముందే చెప్పే పద్ధతుల మీద నేను పనిచేస్తున్నాను. ఒక ఆసుపత్రి చిత్రాలతో నేర్పిన నమూనా వేరే యంత్రం చిత్రాలు ఇవ్వగానే తడబడడం నేను కళ్ళారా చూశాను. అందుకే ఆ జోస్యాన్ని పట్టుకుని మా ఇంట్లోవాళ్ళకు చికిత్స నిర్ణయించనివ్వను.

జయనగర్ రావు:
నేనూ ఒక మాట సవరించుకుంటాను. ఎమరీ విశ్వవిద్యాలయం 165 మందితో చేసి 2021లో ప్రచురించిన పరీక్షలో, వేరే రకం పెట్ చూసి రేడియేషన్ ఇచ్చినవారిలో మూడేళ్ళకు 75.5 శాతం మంది, మామూలు స్కాన్‌లతోనే ఇచ్చినవారిలో 63 శాతం మంది వ్యాధి మళ్ళీ తలెత్తకుండా ఉన్నారు. అంటే స్కాన్ పని చికిత్సను ఆపడం కాదు, ఎక్కడ ఇవ్వాలో చూపడం. 0.5 దాకా ఆగమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మారతహళ్ళి కొడుకు:
అందరికీ కృతజ్ఞతలు. అదే ల్యాబులో మళ్ళీ చేయిస్తే 0.28 వచ్చింది. గురువారం రేడియేషన్ డాక్టరుగారిని కలుస్తున్నాము, స్కాన్ అంతకుముందే బుధవారం ఉంది. ఏ మందుతో తీస్తారని ఫోన్ చేసి అడిగాను, గాలియం అన్నారు. పాత ఎమ్మారై సీడీ అనంతపురం ఇంట్లో బీరువాలో ఉందట, తమ్ముడు రేపు రాత్రి బస్సుకు తెస్తున్నాడు.